మన గల్లీలోకి బడి వచ్చింది



పొద్దున ఎనిమిదిన్నర వేళ మన ఇళ్లలో ఎట్లా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. ఒక చేత్తో టిఫిను డబ్బా మూత బిగిస్తూ ఇంకో చేత్తో పిల్లకు జడ వేస్తుంటాం. ఆయన గారికి చొక్కా గుండీ ఊడిన సంగతి అప్పుడే గుర్తుకొస్తుంది. ఆ రోజు నల్లా వచ్చే రోజైతే ఇక అడగనే వద్దు, బిందెలన్నీ వాకిట్లోనే ఉంటాయి. సరిగ్గా ఆ వేళకే గుమ్మం ముందు ఇరవై స్కూటర్లు, నాలుగు ఆటోలు ఒక్కసారే హారన్లు మోగిస్తే ఎట్లా ఉంటుంది? నల్లగొండలో మా గల్లీలో కొత్తగా బడి తెరిచిన జూన్ నెల నుంచి మా పరిస్థితి అదే.

ఆ బడి పేరు నేను చెప్పను. చెప్పి లాభం కూడా లేదు. ఇట్లాంటి బడి ఇప్పుడు ప్రతి పట్నంలోనూ, ప్రతి కాలనీలోనూ ఉంది. మూడంతస్తుల ఇల్లు ఎవరో అద్దెకిస్తారు, వేసవి సెలవుల్లో రంగులు వేస్తారు, జూన్‌లో బోర్డు కడతారు. మొదట మనమే సంతోషిస్తాం. "ఇంటి పక్కనే బడి, పిల్ల నడిచి పోయి నడిచి వస్తది" అని నేనూ మా మనుమరాలిని అక్కడే చేర్పించాను. కనుక ఈ ప్రసంగంలో నేను రెండు పక్షాల మనిషిని. బడి వల్ల ఇబ్బంది పడిన ఇరుగుపొరుగుల్లోనూ ఉన్నాను, ఆ ఇబ్బంది కలిగించిన తల్లిదండ్రుల్లోనూ ఉన్నాను.

ఆగస్టులో ఒకనాడు మా ఎదురింటి పెద్దాయనకు ఊపిరి ఆడలేదు. ఆయనకు ఉబ్బసం పాతదే. కోడలు పరుగెత్తుకొచ్చి, "అత్తమ్మా, మామకు పానం బాగలేదు, జర రండి" అన్నది. 108కి ఫోను చేశాం. బండి తొందరగానే వచ్చింది, ఆ మాట చెప్పుకోవాలి. కానీ గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. ఎనిమిది గంటల నలభై నిమిషాలైంది, ఇటు వాళ్లు అటు పోలేరు, అటు వాళ్లు ఇటు రాలేరు. మా గల్లీ వెడల్పు పన్నెండు అడుగులు. మోరీ పక్కన ఒక కారు, ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక ఆటో, మధ్యలో స్కూటీలు. చివరికి నలుగురు పిల్లగాండ్లు పెద్దాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీని ఎత్తుకుని, బండ్ల సందుల్లోంచి తిప్పుకుంటూ తీసుకుపోయారు. ఆయన నాలుగో నాడు ఇంటికి వచ్చాడు. కానీ ఆ పది నిమిషాలు ఆ కోడలి ముఖం ఎట్లా ఉందో నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఆ సాయంత్రమే మగవాళ్లు ఆంజనేయస్వామి గుడి అరుగు మీద కూర్చుని, సోమవారం నాడు కలెక్టరు గారి ప్రజావాణిలో అర్జీ ఇచ్చి బడిని మూయించాలని తీర్మానించారు. నాకూ కోపంగానే ఉంది. కానీ ఇంటికి వచ్చి ఆలోచిస్తే, ఆ పొద్దున ఆ గల్లీలో అడ్డంగా ఉన్న స్కూటీల్లో ఒకటి మాదే కదా అనిపించింది. మా ఇంటి నుంచి బడి మూడు వందల అడుగులు. ఆ రోజు ఆలస్యమైందని మా కోడలు పిల్లను స్కూటీ మీద దింపింది. మూడు వందల అడుగులకు స్కూటీ!

ముందు ఈ రద్దీ ఎందుకు వస్తుందో చూద్దాం. బడిలో నాలుగు వందల మంది పిల్లలు ఉన్నారనుకోండి. అందులో నూట యాభై మంది స్కూటరు మీద వస్తారనుకోండి. గేటు ముందు ఒకేసారి అయిదు బండ్లు ఆగడానికి చోటుంది. ఒక్కొక్కరు బండి ఆపి, పిల్లను దింపి, సంచి తగిలించి, నీళ్ల సీసా ఇచ్చి, బండిని వెనక్కి తిప్పుకుని పోవడానికి ఒక నిమిషం పడుతుంది. అంటే నిమిషానికి అయిదు బండ్లు. నూట యాభై బండ్లకు అరగంట. కానీ అందరూ వచ్చేది గంట కొట్టే ముందరి పదిహేను నిమిషాల్లోనే. ఇక మిగిలిన సగం బండ్లు ఎక్కడ నిలబడతాయి? మన వాకిళ్లలో. ఇప్పుడు ఇంకో మాట గమనించండి. ఆ నిమిషంలో సగం సేపు బండిని వెనక్కి తిప్పుకోవడానికే పోతుంది. ఒక వైపు నుంచి వచ్చి, పిల్లను దింపి, ఇంకో వైపు నుంచి వెళ్లిపోతే అరనిమిషమే. అప్పుడు నిమిషానికి పది బండ్లు, పదిహేను నిమిషాల్లో అందరూ అయిపోతారు. గల్లీ వెడల్పు ఒక్క అంగుళం పెరగలేదు, రూపాయి ఖర్చు కాలేదు. అన్నం వార్చినట్లే అనుకోండి, గంజి పోయే దారి ఒకటి ఉండాలి, పోసిన వైపే తిరిగి రాకూడదు.

ఈ లెక్క మాకు ఊరికే తట్టలేదు. మేం నలుగురం ఆడవాళ్లం మూడు రోజులు మా అరుగు మీద కూర్చుని నోటుబుక్కులో గీతలు గీశాం, పాలవాడి లెక్క గీసినట్లు. స్కూటర్లకు ఒక వరుస, ఆటోలకు ఒక వరుస, కార్లకు ఒక వరుస, నడిచి వచ్చే పిల్లలకు ఒక వరుస. చూసినవాళ్లు నవ్వారు. కానీ మూడో రోజుకు మాకు తెలిసిన సంగతి ఏమంటే, బండ్ల మీద వచ్చే పిల్లల్లో మూడో వంతు మంది మా చుట్టుపక్కల గల్లీల వాళ్లే. దూరం వాళ్లు బస్సుల్లోనో ఆటోల్లోనో వస్తున్నారు, దగ్గరివాళ్లు స్కూటర్ల మీద వస్తున్నారు!

ఇరుగుపొరుగు బడి అనే మాట మన దేశంలో కొత్తది కాదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్, ఏ వాడ పిల్లలు ఆ వాడ బడికే పోవాలని, ధనిక పేద తేడా లేకుండా అందరూ ఒకే బడిలో కలిసి చదవాలని సిఫారసు చేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కూడా అదే పట్టుకుంది. చట్టం కింద చేసిన నియమాల్లో అయిదో తరగతి దాకా కిలోమీటరు నడకలో, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లలో బడి ఉండాలన్నారు. ఆ లెక్కన బడి మన గల్లీలోకి రావడం మంచిదే. మనం దాన్ని చూసి బండి తీయడమే చిక్కు.

సరే, బడివాళ్లతో మాట్లాడదామని మేం ఆరుగురం వెళ్లాం. మగవాళ్లు అర్జీ ఇచ్చేలోగా ఒకసారి అడిగి చూద్దామని. మొదట ప్రిన్సిపాల్ మేడం ముఖం ముడుచుకుని, "మీరు కంప్లయింటు ఇయ్యడానికి వచ్చిన్రా?" అన్నది. "కాదమ్మా, లెక్క చూపియ్యడానికి వచ్చినం" అని నోటుబుక్కు ముందు పెట్టాం. ఆమె చాలాసేపు చూసింది. "మేము గేటు లోపలి సంగతే చూసుకుంటున్నం, బయట సంగతి మాకు తెలియదు" అన్నది. ఆ మాటలో అబద్ధం లేదు. గంట కొట్టేవేళకు ఆమె ప్రార్థనలో ఉంటుంది. గేటు బయట ఏం జరుగుతుందో చూసేది అక్కడి ఛాయ్ బండివాడూ మేమూనే.

మాట్లాడగా మాట్లాడగా కొన్ని పనులు తేలాయి. గేటు ఎనిమిదింపావుకు తెరిచేవాళ్లు, అంతకు ముందు వచ్చిన పిల్లలూ తల్లులూ గల్లీలోనే నిలబడేవాళ్లు. ఇప్పుడు ఎనిమిది గంటల లోపే తెరుస్తున్నారు. చిన్న తరగతులకు ఎనిమిదిన్నర, పెద్ద తరగతులకు తొమ్మిది అని వేళలు వేరు చేశారు. సాయంత్రం కూడా అట్లాగే ముందు చిన్నవాళ్లు, ఇరవై నిమిషాలకు పెద్దవాళ్లు. బడి బస్సులు రెండూ గల్లీలోకి రాకుండా పెద్ద రోడ్డు మీదే ఆగుతాయి, ఆయమ్మ పిల్లలను వరుసగా నడిపించుకొస్తుంది. ఇక రాకపోకలు ఒకే వైపు అన్న నియమం అన్నిటికన్నా కష్టమైంది. గుడి వైపు నుంచి రావాలి, నీళ్ల ట్యాంకు వైపు పోవాలి. మొదటి వారం ఎవరూ వినలేదు. రెండో వారం బడివాళ్లు పిల్లల డైరీలో రాసి పంపారు, వాచ్‌మన్ చేతికి ఒక ఎర్రజెండా ఇచ్చారు. తండ్రి మాట వినకపోతే పిల్లలే, "నాన్నా, ఇటుకెల్లి పోవద్దట" అని చెప్పడం మొదలుపెట్టారు. పిల్లల మాట పోలీసు మాట కన్నా గట్టిది.

అన్నట్లు, వాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్లూ మాకు ఒక మాట అప్పజెప్పారు. "గల్లీ పన్నెండు అడుగులు అంటున్నరు, పోయి కొలిచి చూసిన్రా?" అని. వచ్చి కొలిచాం. కాగితం మీద పదహారు అడుగులు ఉండాల్సింది. ఒక్కొక్క ఇంటి ముందు మోరీ దాటి రెండేసి అడుగులు బయటకు వచ్చిన ర్యాంపులు, ఒక ఇంటి ముందు ఏడాదిగా కదలని ఇసుక కుప్ప, ఒక ఇంటి ముందు తుప్పు పట్టిన జీపు. మా ఇంటి ముందు తులసికోటకు కట్టిన చప్టా కూడా అందులోదే. నేను సిగ్గుపడ్డాను. ఇసుక కుప్ప పోయింది, జీపు పోయింది, మా చప్టా ఒక అడుగు లోపలికి జరిగింది. ర్యాంపుల సంగతి మాత్రం ఇంకా తగాదాలోనే ఉంది. ఆడవాళ్లం ఒప్పుకున్నా మగవాళ్లు ఒప్పుకోవడం లేదు!

ఇరుకు దారి సంగతి అంబులెన్సుతో అయిపోదు. తమిళనాడులోని కుంభకోణంలో 2004 జూలై 16న ఒక బడిలో వంటశాల నుంచి నిప్పు లేచి 94 మంది పిల్లలు చనిపోయారు. తాటాకు కప్పు, ఇరుకు మెట్లు, ఒక్కటే దారి. ఆ తర్వాతే దేశమంతా బడుల్లో అగ్నిప్రమాదాల జాగ్రత్తల మీద సుప్రీంకోర్టు 2009లో ఆదేశాలిచ్చింది. అందుకని మీ కాలనీలో కొత్త బడి వస్తున్నదని తెలియగానే, బోర్డు కట్టకముందే, నాలుగు ప్రశ్నలు అడగండి. ప్రభుత్వ గుర్తింపు ఉందా? భవనం గట్టిదని ఇంజినీరు రాసిచ్చాడా? అగ్నిమాపక శాఖ అనుమతి ఉందా, ఫైరింజను గేటు దాకా వస్తుందా? మెట్లు రెండు వైపులా ఉన్నాయా? ప్రైవేటు బడులకు అనుమతి ఇచ్చే నియమాలు మన దగ్గర 1994 జనవరి 1 నాటి జీవో నంబరు 1 నుంచి ఉన్నాయి. ఇవి అడగడం తగాదా పెట్టుకోవడం కాదు. మన పిల్లలను పంపేది మనమే కదా.

ఇప్పుడు అసలైన మాటకు వస్తాను. గల్లీ ఇరుకు వల్ల మనకు విసుగు, కానీ పిల్లకు ప్రమాదం. అయిదారేళ్ల పిల్ల ఎంత ఎత్తు ఉంటుంది? నిలబెట్టిన కారు అంత ఎత్తు కూడా ఉండదు. ఆ కారు వెనక నుంచి పిల్ల అడుగు బయట పెడితే వచ్చే బండివాడికి చివరి క్షణం దాకా కనిపించదు. పైగా తొమ్మిది పదేళ్లు వచ్చేదాకా పిల్లలకు వచ్చే బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది అన్నది సరిగ్గా లెక్క కట్టడం రాదు. అది తెలివితక్కువతనం కాదు, వయసు. ఎక్కువ భయం గేటు దగ్గరే, సాయంత్రం విడిచిపెట్టే వేళ.

ఎందుకంటారా? నా సంగతే చెబుతాను. ఒక సాయంత్రం నేను మనుమరాలి కోసం బడికి ఎదురుగా, వేపచెట్టు నీడలో నిలబడ్డాను. ఎండాకాలం మన నల్లగొండ ఎండ మీకు తెలుసు. పిల్ల గేటు దాటింది. నేను చెయ్యి ఊపి, "రా బిడ్డా, రా!" అని పిలిచాను. అంతే, పిల్ల నన్ను చూస్తూ పరుగెత్తింది. పక్క నుంచి వస్తున్న మోటార్ సైకిల్ కుర్రవాడు బ్రేకు వేసి మోరీలోకి పోయాడు. వాడి మోకాలు కొట్టుకుపోయింది. పిల్లకు ఏమీ కాలేదు. అందరూ ఆ కుర్రవాణ్ణి తిట్టారు. వాడేమీ జోరుగా రాలేదు, తప్పు నాది. పిల్లను రోడ్డు అవతల నుంచి పిలవకూడదు. మనం గేటు ఉన్న వైపే నిలబడాలి, నీడ లేకపోయినా సరే. బండి కూడా ఆ వైపే ఆపాలి. ఈ ఒక్క మాట ఈ ప్రసంగంలో నుంచి మీరు గుర్తుపెట్టుకుంటే చాలు, మిగిలినవి మరచిపోయినా నాకు చింత లేదు.

వేగం సంగతి కూడా ఉంది. గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగంతో తగిలితే మనిషి బతకడానికి మంచి అవకాశం ఉంటుంది, యాభై దాటితే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. అందుకే 2020లో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రతా సమావేశం, నడిచేవాళ్లూ బండ్లూ కలిసి తిరిగే చోట ముప్ఫై మించకూడదని చెప్పింది. మన గల్లీలో ముప్ఫై ఎవరు పోతారని అనకండి. బడి వేళ అయ్యాక, ఖాళీగా ఉన్నప్పుడు కాలేజీ పిల్లలు ఎట్లా పోతారో చూడండి.

దానికి మా వాడవాళ్లు ఒక ఉపాయం చేశారు. కంకర, సిమెంటు తెచ్చి రాత్రికి రాత్రి గేటు ముందు గట్టు కట్టారు. మోకాలెత్తు గట్టు! మూడో నాడే ఒక నిండు గర్భిణి ఆటోలో ఎగిరిపడింది. స్పీడు బ్రేకరుకు కూడా కొలతలున్నాయండీ. భారత రోడ్డు కాంగ్రెసు వాళ్ల లెక్క ప్రకారం ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, అంటే దాదాపు పన్నెండు అడుగులు. రొట్టె వీపులా మెల్లగా లేచి మెల్లగా దిగాలి. దాని మీద తెల్లగీతలు, ముందు బోర్డు ఉండాలి. అది మున్సిపాలిటీ పని, మన తాపీ పని కాదు. అర్జీ ఇవ్వదలచుకుంటే దీనికే ఇవ్వాలి. మేం బడి పేరా, వాడ పేరా కలిపి ఒకే అర్జీ ఇచ్చాం. ఇద్దరూ కలిసి అడిగితే ఆఫీసువాళ్లు మన ఇద్దరి మధ్య తగాదా చూపించి తప్పించుకోలేరు.

మహబూబ్‌నగర్‌లో మా చెల్లెలిది ఇంకో రకం కథ. జడ్చర్ల నుంచి పాలమూరు మీదుగా రాయచూరు వైపు పోయే 167 నంబరు జాతీయ రహదారికి దగ్గర్లో వాళ్ల కాలనీ. బడి రైలు పట్టాలకు అవతల. గేటు పడితే ఇటు వంద బండ్లు, అటు వంద బండ్లు. గేటు లేవగానే ఇద్దరూ ఎదురెదురుగా రోడ్డు నిండా వస్తారు. ఇంకా కొందరు గేటు కింద నుంచి పిల్లలను వంగి దాటిస్తారట. ఆ మాట వినగానే నాకు మెదక్ జిల్లా మాసాయిపేట గుర్తుకొచ్చింది. 2014 జూలై 24 పొద్దున అక్కడ కాపలా లేని రైల్వే గేటు దగ్గర బడి బస్సును రైలు గుద్దితే పదిహేను మందికి పైగా చిన్నారులు పోయారు. కాపలా లేని గేట్లు పెద్ద లైన్ల మీద 2019 నాటికి లేకుండా చేశారు. కానీ కాపలా ఉన్న గేటు కింద నుంచి దూరేవాళ్లను ఎవరు ఆపగలరు? "బడి గంటకన్నా రైలు పెద్దదే అక్కా, అయిదు నిమిషాలు ముందే ఇల్లు కదులుడు ఒక్కటే మందు" అని మా చెల్లెలు అంటుంది.

బడి బస్సు గురించి కూడా రెండు ముక్కలు. 1997 నవంబరులో ఢిల్లీలో వజీరాబాదు వంతెన మీద నుంచి బడి బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయాక, సుప్రీంకోర్టు ఆ ఏడాది డిసెంబరులోనే నియమాలు పెట్టింది. పసుపు రంగు, ముందూ వెనకా బడి బస్సు అన్న అక్షరాలు, కిటికీలకు అడ్డకమ్మీలు, మందుల పెట్టె, తలుపుకు గట్టి గడియ, బస్సులో పిల్లలను చూసుకునే మనిషి, అనుభవం ఉన్న డ్రైవరు. మీ పిల్ల ఎక్కే బస్సును ఒకసారి ఎక్కి చూడండి. ఎవరైనా "ఏందమ్మా, చెకింగా?" అంటే "అవును, చెకింగే" అనండి. పది మంది పిల్లలను కుక్కుకుని, సంచులు బయట వేలాడదీసుకుని పోయే ఆటో సంగతి వేరే చెప్పాలా? చవక అని అందులో ఎక్కించేది మనమే.

స్కూటరు మీద పోయేవాళ్లకు: 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి పిల్లకూ హెల్మెట్ ఉండాలి. అంతకన్నా చిన్నవాళ్లకు నడిపేవాళ్లతో కలిపి కట్టే పట్టీ ఉండాలన్న నియమం 2023 ఫిబ్రవరి నుంచి ఉంది. అంత చిన్న పిల్లను ఎక్కించుకున్నప్పుడు నలభై కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఇక తొమ్మిదో తరగతి కొడుకు చేతికి బండి ఇచ్చి "చెల్లెను దింపి రా" అని పంపే తల్లులు ఒక సంగతి తెలుసుకోండి. మైనరు పిల్లవాడు బండి నడిపి పట్టుబడితే శిక్ష తండ్రికో బండి యజమానికో పడుతుంది. మూడేళ్ల దాకా జైలు, ఇరవై అయిదు వేల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. బండి చాలా ఇళ్లలో మన పేరు మీదనే ఉంటుంది సుమా!

రద్దీ తర్వాత ఇరుగుపొరుగుకు ఎక్కువ బాధ కలిగించేది చప్పుడు. పొద్దున మైకులో ప్రార్థన, తర్వాత మైకులో వార్తలు, తర్వాత మైకులోనే "ఫలానా క్లాసు పిల్లలు లైనులో నిలబడాలి". జనవరి వస్తే వార్షికోత్సవం డ్యాన్సులు, ఒకే సినిమా పాట ముప్ఫైసార్లు. మా వెనకింట్లో పదో తరగతి పిల్లవాడు, పక్కింట్లో బాలింత. దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలున్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా మైకు పెట్టకూడదు. బడి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు, అక్కడ హారను కూడా కొట్టకూడదు. 2017లో చేసిన సవరణ తర్వాత ప్రత్యేకంగా ప్రకటిస్తేనే అది వర్తిస్తుంది. చిత్రం చూడండి, బడిని చప్పుడు నుంచి కాపాడడానికి పెట్టిన నియమం అది. మా దగ్గర చప్పుడు చేసేది బడే! ఈ మాట మేడంతో నవ్వుతూనే అన్నాం. ఇప్పుడు ప్రార్థన నోటితోనే చేయిస్తున్నారు. నాలుగు వందల మంది పిల్లలు కలిసి పాడితే మైకు దేనికి? నిజానికి ఇప్పుడే వినడానికి బాగుంది.

గేటు ముందు బండ్ల మీద అమ్ముకునేవాళ్ల సంగతి మా వాడలో పెద్ద చర్చే అయింది. వాళ్లను వెళ్లగొట్టాలన్నారు కొందరు. జామకాయలు, రేగుపండ్లు, కార్తీకంలో బాలానగర్ వైపు నుంచి వచ్చే సీతాఫలాలు అమ్ముకునే ముసలమ్మను వెళ్లగొట్టి మనమేం బాగుపడతాం? గేటుకు యాభై అడుగుల దూరంలో ఒక పక్కగా కూర్చోమన్నాం, చెత్తబుట్ట ఒకటి పెట్టాం. చిప్సు కాగితాలు మోరీలో పడి నీళ్లు నిలవడం కొంత తగ్గింది. పాన్‌డబ్బా మాత్రం ఉండనివ్వలేదు. బడికి వంద గజాల లోపల సిగరెట్లు, గుట్కా వంటి పొగాకు సరుకు అమ్మకూడదని 2003 చట్టమే చెబుతోంది.

మేం చేసిన వాటిల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది నడక వరుస. మూడు గల్లీల పిల్లలు పద్దెనిమిది మంది. రోజుకు ఇద్దరు తల్లులు, వంతుల వారీగా. ఒకరు ముందు, ఒకరు వెనక. గుడి దగ్గర ఎనిమిది గంటల పది నిమిషాలకు బయల్దేరి, దారిలో ఒక్కొక్క వాకిట్లో పిల్లను కలుపుకుంటూ పోతారు. రెండు వారాలకు ఒకసారి వంతు వస్తుంది, మిగతా రోజుల్లో మన పొద్దు మనకు మిగులుతుంది. ఇది మా సొంత తెలివి కాదు. 1990ల్లో ఆస్ట్రేలియాలో పుట్టిన ఆలోచన, 1998లో ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో మొదలుపెట్టారు, దాన్ని వాళ్లు నడిచే బస్సు అంటారు. జపానులో పెద్ద పిల్ల ముందు నడుస్తుంటే చిన్నవాళ్లు పసుపు టోపీలు పెట్టుకుని వరుసగా పోతారు. హాలండులో 1971లో రోడ్డు ప్రమాదాల్లో నాలుగు వందలకు పైగా పిల్లలు చనిపోతే, తల్లులూ తండ్రులూ పిల్లలూ వీధుల్లో కూర్చుని బండ్లను ఆపారు. ఇవాళ అక్కడి పిల్లలు సైకిళ్ల మీద నిర్భయంగా బడికి పోతున్నారంటే ఆ పోరాటమూ ఒక కారణమే.

మొదట మా కోడలే, "నా బిడ్డను వేరేవాళ్లతోని ఎట్ల పంపుదు?" అన్నది. నేనేమీ అనలేదు. మొదటి వారం తానే వరుస వెనక దూరంగా నడిచింది. రెండో వారానికి మానేసింది. ఇప్పుడు పిల్లే తల్లిని తొందరపెడుతుంది, వరుస పోతదమ్మా అని. వంతు మరిచిపోయి ఎవరూ రాని రోజు ఒకటి వచ్చింది, ఆ రోజు పిల్లలు పావుగంట గుడి దగ్గర నిలబడ్డారు, మేం చీవాట్లు తిన్నాం. అప్పటి నుంచి వంతుల కాగితం గుడి గోడకు అంటించాం, రాత్రి ఒకరికొకరు ఫోను చేసుకుంటున్నాం.

అర్జీ సంగతి అడుగుతారేమో. మగవాళ్లు ఆ సోమవారం ఆగారు, తర్వాతి సోమవారమూ ఆగారు. ఇంకా అర్జీ కాగితం గుడి పూజారి గారి దగ్గరే ఉంది. ఎదురింటి పెద్దాయన పొద్దున ఎనిమిదిన్నరకు కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చుంటాడు. ఎదురుదారిలో వచ్చే బండిని చూస్తే కర్ర ఎత్తుతాడు, ఉబ్బసం మనిషి కదా, అరవలేడు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. వాన పడిన రోజు మా ఏర్పాట్లన్నీ కొట్టుకుపోతాయి. నడక వరుస ఉండదు, నడిచే పిల్లలంతా మళ్లీ బండ్లెక్కుతారు, కార్లున్న వాళ్లు కార్లు తీస్తారు, ఒకే వైపు నియమం ఎవరికీ గుర్తుండదు, మోరీ పొంగి గల్లీ సగమే మిగులుతుంది. గొడుగులిస్తామన్నాం, పిల్లలు గాలికి తిప్పేసి రెండు రోజుల్లో విరిచారు. ఆ ఒక్క రోజు బడి అరగంట ఆలస్యంగా మొదలుపెట్టమని అడిగాం, మేడం ఆలోచిస్తానన్నది. మీ నల్లగొండలోనో, పాలమూరులోనో, సూర్యాపేటలోనో ఎవరి గల్లీలోనైనా వాన రోజుకు ఉపాయం దొరికి ఉంటే దయచేసి రాయండి. జూన్ ఎంతో దూరం లేదు.